దించని పెట్టెలు

"ఆ పెట్టెలు దించొద్దు లక్మా. బండి వెనక్కి తిప్పించు."

పాల్ అంత గట్టిగా అరుస్తాడని ఎవరూ అనుకోలేదు. ట్రాలీ ఎక్కబోయిన పనివాడు లక్మా అక్కడే ఆగిపోయాడు. ట్రాక్టరు మీంచి సురేష్‌బాబు దిగాడు. పాల్‌కి అన్నయ్య అతను, ఎనిమిదేళ్లు పెద్ద.

"ఒరే పాలూ, ఒక్క మాట ఇనరా. ఈ పళ్లు..."

"వినేదేటి లేదన్నయ్యా. మందు కొట్టిన పండు నా పీపాల్లోకి రాదు. వాసన ఇక్కడిదాకా కొడతంది."

సురేష్‌బాబు తమ్ముడి మొహంలోకి కాసేపు చూశాడు. తర్వాత ట్రాక్టరెక్కి, ముప్పై పెట్టెల నల్లద్రాక్షతో గీదం బజారు దారి పట్టాడు. పళ్లు తక్కువ కాసి, చిన్నవిగా ఉన్నాయి. బజారులో వాటికి ఏ ధర పలికిందో పాల్ అడగలేదు.

వాళ్ల నాన్న యేసుపాదం బచేలి ఇనుప గనిలో ఫిట్టరు. రిటైరయ్యాక టౌన్‌షిప్ బయట ఆరెకరాల ఎర్రమట్టిలో ద్రాక్ష పెట్టి, పక్కనే గోదాం కట్టి అందులో ద్రాక్షారసం తయారుచేశాడు. ఈ ఎండల్లో ద్రాక్షేమిటని కాలనీ అంతా నవ్వింది. మొదట తమ చర్చికి, తర్వాత కిరండూల్ నుంచి కోరాపుట్ దాకా రైలు లైను మీదున్న చర్చిలన్నిటికీ ప్రభు భోజనానికి ఆయన ద్రాక్షారసమే వెళ్లేది. లైసెన్సు వచ్చాక అంగళ్లకీ వెళ్లింది. పోయేముందు కొడుకులిద్దరి చేతులూ పట్టుకుని ఒక్కటే అడిగాడు.

"గోదాం మూయకండ్రా."

ఆ పెట్టెలు వెనక్కి పంపడానికి రెండేళ్ల ముందు పాల్ రాయపూర్‌లో శిక్షణకి వెళ్లి వచ్చి, ఇక సేంద్రియ పద్ధతే అన్నాడు. సర్టిఫికెట్ ఉన్న ద్రాక్షారసాన్నే పెద్ద ఊళ్లవాళ్లు అడుగుతున్నారనీ, ఇలాగే సాగితే గోదాం రెండేళ్లలో మూతపడుతుందనీ చెప్పాడు. సురేష్‌బాబు ఒప్పుకోలేదు.

"నీ వేపనూనెలూ, ఆవు పంచితాలూ నాకు రావు. ఈ వయసులో నేర్చుకోలేను. మందు నేకపోతే నా చేతిలో కాయ దక్కదురా."

"నాన్నకి దగ్గెందుకొచ్చిందో తెలీదా నీకు? ఆ మందు పీల్చి పీల్చి కాదూ?"

అనకూడని మాట. మందు పంపు భుజానికి తగిలించుకుని నాన్న వెనకాల పదిహేనేళ్లు తిరిగింది సురేష్‌బాబే. ఆ వారంలోనే తోట చెరి మూడెకరాలయింది. గోదాం పాల్‌కి వచ్చింది. మధ్యలో పాల్ ఆరడుగుల వెదురు కంచె కట్టించాడు. ఆ తర్వాత ఆ పక్కకి తొంగి చూడలేదు.

మొదటి ఏడాది పాల్ తోటకి బూజు పట్టింది. వేపనూనె, సున్నం, మజ్జిగ, పుస్తకంలో ఉన్నదల్లా చేశాడు. సగం పంట నిలిచింది. రెండో ఏడాది ముప్పాతిక నిలిచింది. అన్న తోట మాత్రం ఏటికేడాది పాడైపోతోందని లక్మా చెప్పేవాడు.

"ఆకులన్నీ రాలిపోయినయి భయ్యా. తీగలు మాడిపోయినయి."

"పొద్దస్తమానం మందు పోస్తే మాడవా మరి?" అనేవాడు పాల్.

మూడో ఏడు వానల్లో సురేష్‌బాబు తోట వదిలేశాడు. పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్ పని దొరికిందట. అన్న కుటుంబం రైలెక్కే రోజు పొద్దున్నే పాల్ భార్య శాంతిప్రియ స్టేషనుకి వెళ్లి వచ్చింది.

"నువ్వూ వస్తావేమోనని బండి కదిలేదాకా మీ అన్నయ్య డోరు దగ్గరే నిలబడ్డారు."

పాల్ ఆ రోజంతా కడిగిన పీపానే కడిగాడు.

సర్టిఫికెట్ మరుసటి ఏప్రిల్లో వచ్చింది. తనిఖీకి ఏటా వచ్చే దేవేంద్రే స్వయంగా పట్టుకొచ్చాడు. రాయపూర్ మనిషి, హిందీలోనే మాట్లాడతాడు. శాంతిప్రియ స్వీట్లు తెచ్చి పెట్టింది. కొత్త లేబులు అంటించిన మొదటి సీసా బల్ల మీద పెట్టారు. ఇన్నాళ్ల కష్టానికీ ఫలితం ఎదురుగా ఉన్నా, పాల్‌కి ఆ గదిలో ఎవరో తక్కువైనట్టే ఉంది.

"నాన్న ఉంటే సంతోషించేవారు," అంది శాంతిప్రియ.

"అన్నయ్య ఉన్నా..." అని, పాల్ మాట తిప్పేశాడు. "పక్కనే అంత మందు కొట్టినా మా తోట నెగ్గింది దేవేంద్రజీ. నా కంచె కాపాడింది."

దేవేంద్ర మిఠాయి పళ్లెంలో పెట్టేశాడు.

"ఆరడుగుల కంచె గాలినేం ఆపుతుంది పాల్‌జీ? పక్క తోటలో ఒక్కసారి కొట్టినా మీ ఆకుల్లో దొరుకుతుంది. మొదటి తనిఖీలోనే మీ దరఖాస్తు పక్కన పడేయాల్సింది."

"మరి?"

దేవేంద్ర ఫైల్లోంచి ఒక హామీ పత్రం తీసి బల్ల మీద పెట్టాడు. కింద సురేష్‌బాబు సంతకం. తేదీ, తోట పంచుకున్న మర్నాటిది.

"మీకు చెప్పొద్దని నా దగ్గర మాట తీసుకున్నారు. పంట పోతుందని నేను చెప్పినా వినలేదు. ఏటా ఆయన తోట ఆకులు కూడా ల్యాబుకి తీసుకెళ్లాను."

పాల్ ఆ హిందీ అక్షరాలు కూడబలుక్కుని చదివాడు. మళ్లీ మొదటినుంచి చదివాడు.

ఆ మూడేళ్లలో సురేష్‌బాబు తన తోటకి ఒక్క చుక్క మందు కొట్టలేదు.