బంతిలా ఉబ్బే చేప

“నత్తలా? మరిగే నీళ్లలో పడేయండి. పీడా పోతుంది,” అన్నాడు చేపల షాపతను.

తల్లి చెయ్యి పట్టుకుని నిలబడ్డ చిట్టి కళ్లలో నీళ్లు తిరిగాయి.

వాళ్లింట్లో చిన్న అక్వేరియం ఉంది. అందులో చిట్టి ప్రాణంగా పెంచుకునే ఎర్ర రొయ్యలున్నాయి, ఒక్కోటి చిటికెన వేలి గోరంత. ఏ నాచుతో వచ్చాయో ఏమో, ఇప్పుడు అద్దం నిండా నత్తలు.

వాటిని చూస్తే తల్లికి ఒళ్లు జలదరిస్తుంది. పిల్లకి ఏ రోగం అంటిస్తాయోనని బెంగ. ఆమెకు అన్నీ బెంగలే. చిట్టి తుమ్మితే న్యుమోనియా గుర్తొస్తుంది. బడి నుంచి రావడం కాస్త ఆలస్యమైతే లారీ గుర్తొస్తుంది.

“పారేయకండమ్మా, నాకివ్వండి,” అన్నాడు వెనక నుంచి ఒక పెద్దాయన.

వెలిసిన చొక్కా. చేతిలో మూతున్న ప్లాస్టిక్ డబ్బా.

“నా దగ్గరో చేప ఉంది. కోపమొస్తే బంతిలా ఉబ్బుతుంది. ఉప్పు కలిపిన నీళ్లలో పెంచుతున్నాను. దానికి పళ్లు పెరుగుతూనే ఉంటాయి. నత్తగుల్లలు కొరికితేనే అరుగుతాయి, లేకపోతే నోరు మూసుకుపోయి చచ్చిపోతుంది. టైలరమ్మ మేడ మీద గదిలో ఉంటాను, కావాలంటే అడగండి.”

తల్లి గొడుగు ముడిచి సంచిలో పెట్టుకునేంతలో, ఆయన వంగి చిట్టి చెవిలో ఏదో చెప్పాడు.

చిట్టి నవ్వింది.

తల్లి పిల్ల చెయ్యి గట్టిగా పట్టుకుని బయటికి నడిచింది.

“ఏం చెప్పాడే?” దారిలో అడిగింది.

“ఏం లేదు.”

ఆదివారానికి ఆయన గుమ్మం ముందున్నాడు. ఇల్లెక్కడో చిట్టే చెప్పేసిందట.

చిట్టి ఒక్కో నత్తనీ ఏరి, కాస్త నాచుతో సహా ఆయన డబ్బాలో వేసింది.

“ఇది బద్ధకం రాణి. దీన్ని తొందరపెట్టకండి తాతా.”

“నేనూ అంతేనమ్మా. మా ఇద్దరికీ కుదురుతుందిలే.”

ఆ తర్వాత ప్రతి ఆదివారం ఇదే తంతు.

ఒకరోజు తల్లి ఉండబట్టలేక అడిగింది. “ఆ చేప తినేస్తుందని తెలిసీ నవ్వుతూ ఎలా ఇస్తున్నావే?”

చిట్టి పెదవులు బిగించింది.

“నీకు చెప్పొద్దన్నారు తాత.”

ఆ రాత్రే తల్లి ఆ మాట భర్తకు చెప్పింది.

“నత్తల్ని అడుక్కునే దొంగ ఉంటాడా ఎక్కడైనా?” అని భర్త నవ్వాడు.

“అమ్మకి చెప్పొద్దని పిల్లతో అనేవాడు దొంగ కంటే నయమా?”

“పోనీ ఆయన్నే అడుగుదాం పద.”

“అడిగితే నిజం చెప్తాడా? మన మీద పగబడితే?”

నత్తలే లేకపోతే వాడికి మనింట్లో పనేముంది, అనుకుంది తల్లి. మర్నాడు షాపుకు వెళ్లి నత్తలు చచ్చే మందు కొనుక్కొచ్చింది. సీసా మీద చిన్న చిన్న అక్షరాలున్నాయి. చదవలేదు.

ఆదివారం చిట్టి లేవకముందే సీసాలో సగం అక్వేరియంలో వంపేసింది.

ఆయన వచ్చాడు. తలుపు గొలుసు తీయకుండానే మాట్లాడింది.

“నత్తలు లేవు. మందేశాం. ఇక రాకండి.”

ఆయన తలుపు సందులోంచి లోపలికి చూశాడు.

“రొయ్యలుండగా వేశారా? ఆ మందు వాటికీ పడదమ్మా. వెంటనే నీళ్లు మార్చండి.”

“మా ఇంటి సంగతి మీకెందుకు?”

తలుపు మూసి గడియ పెట్టింది. ఆయన సందు మలుపు తిరిగేదాకా కిటికీలోంచి చూసింది. అదే ఊపులో టైలరమ్మ దగ్గరికి వెళ్లింది.

“అక్కా, నీ మేడ మీదాయన పిల్లల్ని మచ్చిక చేసుకుంటున్నాడు. నీకూ మనవరాలుంది. తర్వాత నీ ఇష్టం.”

తెల్లారేసరికి రొయ్యలన్నీ అడుగున వెల్లకిలా పడి ఉన్నాయి.

చిట్టి ఏడవలేదు. అమ్మతో మాట్లాడటం మానేసింది. ఏడ్చినా బాగుండేదనిపించింది తల్లికి.

వారం మధ్యలో ఒక సాయంత్రం బడి వదిలారు. పక్కింటి పిల్లలు వచ్చారు. చిట్టి రాలేదు.

ఈసారి తల్లికి లారీ గుర్తు రాలేదు. మూతున్న ఆ ప్లాస్టిక్ డబ్బా ఒక్కటే కళ్ల ముందు ఆడింది. చెప్పులైనా వేసుకోకుండా పరుగెత్తింది. టైలరమ్మ మేడ మెట్లు ఎలా ఎక్కిందో ఆమెకే తెలియదు.

గది తలుపు తీసే ఉంది.

చిట్టి నేల మీద కూర్చుని ఉంది. తల్లి పిల్ల తల తడిమింది, చేతులు తడిమింది. ఏమీ కాలేదు.

గదిలో మంచం లేదు, బట్టలు లేవు. కిటికీ గట్టు మీద మాత్రం వరసగా గాజు సీసాలు. వాటి నిండా నత్తలు. అన్నీ బతికే ఉన్నాయి. ఒక సీసాలో, నాచు మధ్య, కంటికి ఆనీ ఆనని ఎర్రటి రొయ్య పిల్లలు కదులుతున్నాయి.

టైలరమ్మ ఆయాసపడుతూ పైకొచ్చింది.

“నువ్వు చెప్పాక ఇంకా ఉంచుతానా? నిన్ననే ఖాళీ చేయించా. గొడవేం చేయలేదు. పాప వస్తే ఈ సీసాలు ఇమ్మన్నాడు.”

“ఎక్కడికెళ్లాడు?”

“నేనడగలేదు.”

తల్లి కళ్లు గది మూలలన్నీ వెతికాయి. ఉప్పునీళ్ల తొట్టి ఎక్కడా కనిపించలేదు.

“మరి ఆయన చేప?”

“చేపేంటి? ఉన్నన్నాళ్లూ ఈ నత్తలే. వీటికి కీరా ముక్కలు వేసుకుంటూ కూర్చునేవాడు.”

“చేప లేదమ్మా,” అంది చిట్టి, సీసా మీంచి చూపు తిప్పకుండా. “నత్తల్ని ఊరికే పెంచుకుంటానంటే మీ అమ్మ భయపడుతుంది, అందుకే చేప ఉందని చెప్పాను అన్నారు తాత.”