మాక్ మాట వినని ప్రింటర్

“అయిపోయిందంటుంది రాజబాబూ. ఒక్క కాగితమూ రాదు!” సుభాషిణి లాప్‌టాప్‌ని అతనివైపు తిప్పింది.

తెర మీద ‘ముద్రణ పూర్తయింది’ అని ఉంది. బల్ల మీద ప్రింటర్ మాత్రం ముద్రణ మాని నిద్రణలో ఉంది.

రాజబాబు అబూదబీ పక్కన ముసఫ్ఫాలో ఓ కంపెనీకి కంప్యూటర్లు బాగుచేస్తాడు. మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలో ఆరు కుటుంబాలు ఆరు వాటాలుగా పంచుకున్న ఈ విల్లాలో, గోడ అవతలి వాటా అతనిదే. విల్లా మొత్తానికీ వైఫై ఒక్కటే. అది మొరాయించినా, ఇంకేది మొరాయించినా పిలుపు అతనికే.

సుభాషిణిది మాక్. ఆమె భర్త జగన్మోహనరావుది విండోస్. విండోస్ నుంచి పంపితే ప్రింటర్ గలగలా పేజీలు పోస్తుంది. మాక్ నుంచి పంపితే మాక్కాదంటుంది.

“డ్రైవర్ లేదేమో అక్కయ్యా,” అన్నాడు రాజబాబు.

“అబూదబీలో డ్రైవర్లకి కరువటయ్యా? సగం గోదావరి జిల్లా ఇక్కడ స్టీరింగ్ పట్టుకునే ఉంది!” అన్నాడు జగన్మోహనరావు.

“పోర్టు కూడా దొరకట్లేదు బావగారూ.”

“మనందరికీ పాస్‌పోర్టులుంటే, దీనికి ఉత్త పోర్టు కూడా లేదా!”

సుభాషిణికి నవ్వు రాలేదు. తెలుగు సంఘం నవలల పోటీకి శుక్రవారం మధ్యాహ్నం గడువు. కాగితం మీదే ఇవ్వాలి. ఆరేళ్లపాటు కుక్కర్ కూతల మధ్య రాసుకున్న తొలి నవల. శనివారమే ఇరవై అధ్యాయాలు పంపింది. ఒక్కటీ రాలేదు. ఇరవై ఒకటోది ఇవాళే పూర్తిచేసింది. ఇంకా రెండు రాయాలి.

“పీడీఎఫ్ చేసి నా దాంట్లోంచి కొట్టేస్తే?” అన్నాడు జగన్మోహనరావు.

రాజబాబు ఉలిక్కిపడ్డాడు. “అమ్మో! ఒత్తులన్నీ ఊడిపోతాయండీ. హీరో పెట్టిన ముద్దు కాస్తా ‘ముదు’ అయిపోతుంది!”

“ముద్దుందని నీకెవరు చెప్పారయ్యా?”

“నవలన్నాక ఉండదా బావగారూ!”

“పోనీ, టైపింగ్ సెంటర్లో ప్రింటు తీయించుకుంటే...”

“పక్కనే నన్ను పెట్టుకుని బయటికెళ్తారా? నా పరువేం కాను!”

అతను బల్ల కింద దూరాడు. వైర్లు పీకాడు, పెట్టాడు.

“టెస్ట్ పేజీ పంపనా?” అంది సుభాషిణి.

“దాంతో జబ్బు తేలదక్కయ్యా. బరువైన ఫైలు కావాలి. కొత్త అధ్యాయం ఉంటే పంపండి.”

ఇరవై ఒకటో అధ్యాయం పంపింది. మాక్ అయిపోయిందంది. కాగితం రాలేదు.

“ఇవాళ్టికి ఖలాస్. రేపు చూద్దాం,” అంటూ రాజబాబు టీ కూడా తాగకుండా పరిగెత్తాడు.

మంగళవారం ఇరవై రెండో అధ్యాయం. అదే తంతు. ప్రింటర్‌ని నెట్టాడు, నెట్‌ని తిట్టాడు. “ఇది నెట్‌వర్క్ కాదయ్యా, నెట్టుడు వర్క్,” అన్నాడు జగన్మోహనరావు.

బుధవారం సుభాషిణి లాప్‌టాప్ మూసేసింది. కళ్లలో నీళ్లు. “అచ్చుకాని నవలకి ఆఖరి అధ్యాయం ఎందుకు? నేను రాయను.”

రాజబాబు మొహం పాలిపోయింది. “అంత మాట అనకండక్కయ్యా! మీరు రాయండి. రేపు సాయంత్రం చివరి అధ్యాయం పంపిన అయిదో నిమిషంలో మొత్తం నవల మీ చేతిలో పెడతాను. ఒట్టు!”

ఆమె రాసింది. గురువారం సాయంత్రం పంపింది. కాగితం రాలేదు.

రాజబాబు వేళ్లు విరుచుకున్నాడు. మాక్‌లో రెండే రెండు మీటలు నొక్కాడు. “యల్లా, ఇక కానివ్వండి! ఇప్పుడు మొత్తం పంపండి.”

ప్రింటర్ దగ్గింది. గొంతు సవరించుకుంది. ఇక ఆగలేదు. మూడువందల పేజీలు, వేడివేడిగా. సుభాషిణి వాటిని గుండెకి హత్తుకుంది.

“రెండు మీటలకి నాలుగు రోజులు పట్టిందేంటయ్యా?” అన్నాడు జగన్మోహనరావు.

“ఏ రెండో తెలియాలి కదండీ!” అంటూ రాజబాబు అప్పటికే గుమ్మం దాటేశాడు.

అతను ఒక్క అంగలో తన వాటాలోకి వచ్చి పడేసరికి, శనివారం నుంచీ సుభాషిణి నవలని అధ్యాయం తర్వాత అధ్యాయం కక్కుతున్న తమ ప్రింటర్ పక్కన, ఆఖరి అధ్యాయం పట్టుకుని కూర్చున్న అతని భార్య శాంతిప్రియ తలెత్తకుండానే చెయ్యి అడ్డుపెట్టి అంది: “ఆగండి, ముందు నేను!”