పోటు మాస్టారి రాయి

పక్కరాయి మీద కూర్చున్న కొత్త మనిషి గాలం ఒక్కసారిగా వంగిపోయింది.

జగన్నాథరావు మాస్టారు తన గాలం సంగతి మరిచిపోయి అటే చూస్తుండిపోయారు.

కాసేపు పెనుగులాడి ఆ మనిషి పాలబొంతను ఒడ్డుకు లాగాడు. ఆరు కిలోలకు తక్కువుండదు. పెనుమూడి రేవులో ఉన్నవాళ్లంతా ఆ చేప చుట్టూ మూగారు.

మాస్టారి బుట్టలో నాలుగు కొయ్యింగలున్నాయి. ఇందాకటి దాకా వాటిని చూసుకుని మురిసిపోయారు. ఇప్పుడవి బొత్తిగా పిల్ల చేపల్లా కనిపించాయి.

"ఏ ఊరు బాబూ మీది?" అన్నారు, గొంతులో లేని తీపి తెచ్చుకుని.

"పొన్నూరండి. రైసు మిల్లులో పని. వెంకటకృష్ణయ్య అంటారండి."

"ఇక్కడికి కొత్తా?"

"ఆదివారాలు రావడం కొత్తండి."

మాస్టారు తెనాలిలో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. ఆదివారం పొద్దున్నే రైల్లో రేపల్లె దిగి, ఆటోలో పెనుమూడి చేరి, కృష్ణ ఒడ్డున పెద్దరాయి ఎక్కడం ఆయనకు మూడేళ్లుగా నియమం. ఆ రాయి మీంచి ఉత్త చేతులతో లేచిన రోజు లేదు.

శనివారం వచ్చిందంటే 'గాలం మిత్రులు' వాట్సాప్ గ్రూపులో ఆయన పెట్టే కబురు కోసం బాపట్ల నుంచి రేపల్లె దాకా రెండొందల మంది కాచుకుని ఉంటారు.

"రేపు దశమి. సముద్రానికి ఎనిమిదింటికి పోటు. పెనుమూడికి ఇంకో గంట కలుపుకోండి. సూర్యలంకలో కెరటం ఎక్కువ, అటు వెళ్లొద్దు."

తిథిని నాలుగుతో గుణించి అయిదుతో భాగించే ఆ లెక్క పడవల వాళ్లందరికీ తెలిసిందే. అయినా మాస్టారు చెబితే దాని అందమే వేరు. 'పోటు మాస్టారు' అని పేరు పడింది. పెన్షను ఆలస్యమైనా ఓర్చుకుంటారు గానీ, ఆ పేరుకు చిన్న గీత పడితే ఓర్చుకోలేరు.

ఆ పేరుకే ఎసరు పెట్టేవాడు వచ్చాడు.

బాపట్ల బ్యాంకులో పనిచేసే దీపక్ పాలబొంత ఫొటో గ్రూపులో పెట్టాడు. మరుసటి శనివారం మాస్టారి కబురు కింద ఎవరో రాశారు:

"కృష్ణయ్య గారు ఏమంటారో కూడా కనుక్కోండి మాస్టారూ."



రెండో ఆదివారం కృష్ణయ్యకు ఇంకో పాలబొంత. మూడో ఆదివారం రెండు. మాస్టారి బుట్టలో పడేవి పడుతూనే ఉన్నాయి. అయినా ఏం లాభం? చూపంతా పక్కబుట్ట మీదే. కళ్లల్లో నిప్పులు పోసుకున్నారు.

ఆ సాయంత్రం గ్రూపులో ఇలా రాశారు.

"పెనుమూడిలో ఒకరు ఎరలో మందు కలుపుతున్నారని తెలిసింది. ఆ చేపలు తినేవాళ్లు జాగ్రత్త."

పేరు రాయలేదు. రాయాల్సిన పని లేకపోయింది.

మళ్లీ ఆదివారం మాస్టారు వచ్చేసరికి పడవల వాళ్లు కృష్ణయ్యను నిలదీస్తున్నారు.

"మందు చేపలని పేరు పడితే రేపు మా చేపలెవరు కొంటారయ్యా?"

కృష్ణయ్య మాస్టారి దగ్గరికి వచ్చాడు.

"మీరు పెద్దవారు, చదువుకున్నవారు. మీరే చెప్పండి మాస్టారూ. ఇది తవుడు, బెల్లం. అంతేనండి."

ఎరముద్దలోంచి ఇంత తుంచి నోట్లో వేసుకున్నాడు. అందరూ చూస్తుండగా నమిలి మింగాడు.

'పొరబడ్డాను' అంటే చాలు, అక్కడితో అయిపోయేది. ఆ మాట మాస్టారి నాలుక చివరిదాకా వచ్చింది కూడా. అంతలో కృష్ణయ్య బుట్టలో పెద్ద చేప తోక కొట్టింది.

"ఎవరి ఎరలో ఏముందో నాకేం తెలుసు బాబూ" అన్నారు.

కృష్ణయ్య చేపను నీళ్లలో వదిలేసి గాలం చుట్టుకున్నాడు.

"నా వల్ల రేవుకి చెడ్డపేరెందుకండి. ఉంటాను మాస్టారూ."

ఆ రోజు మాస్టారికి ఏడు కొయ్యింగలు పడ్డాయి. పీడ విరగడైందనుకున్నారు.

తర్వాతి ఆదివారం ఒక్కటీ పడలేదు. 'గాలి మారింది' అని గ్రూపులో రాశారు. పై వారం 'నీళ్లు తేరుకున్నాయి' అన్నారు. ఆ పై వారం 'పోటు మందంగా ఉంది' అన్నారు. అయిదో వారానికి సాకులు నిండుకున్నాయి. గాలానికి నాచు తప్ప ఏమీ తగల్లేదు.

ఖాళీ బుట్ట పక్కన పెట్టి రేవులో జైనబ్ బీ టీకొట్టు ముందు కూలబడ్డారు.

"ఏంటి మాస్టారూ, ఇవాళా లేవా?"

"లేవమ్మా. ఆ పొన్నూరాయన మళ్లీ ఇటు వచ్చాడా?"

"ఇంక రాడండి. మాట పడ్డాక మనసు విరిగిపోయిందంట. గాలం కూడా ఎవరికో ఇచ్చేశాడంట."

"నెల రోజులు వచ్చినవాడికి అంత రోషమేంటమ్మా?"

"మీకు నెల రోజులు మాస్టారూ. ఇదివరకు వాళ్ల మిల్లుకి శనివారం సెలవు. మూడేళ్లు ప్రతి శనివారం వచ్చేవాడు. ఆ పెద్దరాయి మీదే కూర్చునేవాడు."

మాస్టారి చేతిలో టీ గ్లాసు నోటి దాకా వెళ్లి ఆగిపోయింది.

"మరి ఆ రాయి తనదని ఒక్కసారీ అనలేదే?"

"నేనూ అదే అడిగానండి. పెద్దాయన అంత దూరం నుంచి రైలెక్కి వస్తాడు, ఉత్త చేతులతో పంపితే ఏం బాగుంటుంది అన్నాడు. సెలవు ఆదివారానికి మారాక కూడా మీరు రైలు దిగకముందే వచ్చి తన పని కానిచ్చేవాడు."

"ఏం పని?"

జైనబ్ బీ గ్లాసులు కడుగుతూ మామూలుగా అంది.

"మూడేళ్ల నుంచి ఆ రాయి కింద తవుడు ఉండలేసి మీ చేపల్ని మేపింది ఆయనే కదండీ!"