పేరడిగిన ముసలాయన

"పేరు పెట్టారా బాబూ?"

ఆసుపత్రి వరండాలో బెంచీ మీద కూర్చున్న దర్జీకి ఒళ్లు మండింది.

నిన్నా ఇదే ప్రశ్న, మొన్నా ఇదే. అడిగేదీ ఈ ముసలాయనే.

నెలలు నిండకుండా పుట్టిన కొడుకు ఐదు రోజులుగా అద్దాల పెట్టెలో ఉన్నాడు. పిడికెడంత ప్రాణం.

"బతికి బయటపడనివ్వండి. అప్పుడు పెడతాను."

"ఇప్పుడు మాత్రం బతికి లేడా?"

దర్జీ ముఖం తిప్పుకున్నాడు. పేరు పెట్టి పిలిచాక బిడ్డ పోతే తట్టుకోలేడు. ఆ భయం భార్యకు కూడా చెప్పలేదు.

"అబ్దుల్ హయ్యి అనండి. నిత్యం జీవించి ఉండేవాడి దాసుడని అర్థం."

"ఇంత పిల్లాడికి అంత పేరా? హయ్యి అంటే చాలదూ?"

"అది అల్లాహ్ పేరు బాబూ. ఒట్టిగా పెట్టకూడదు. మనం ఆయన దాసులమే కదా. అది నచ్చకపోతే అబ్దుస్సబూర్ అనండి, సహనశీలుడి దాసుడు..."

ముసలాయన వేళ్లు మడుస్తూ వరసగా చెప్పుకుపోతున్నాడు. గోళ్ల నిండా మట్టి.

"మీకు పనీ పాటా లేదా? పొద్దున్నే నా ప్రాణానికి తయారవుతారు!"

ఆ అరుపుకి కాపలావాడు పరుగెత్తుకొచ్చాడు.

"ఈయన్ని మళ్లీ లోపలికి రానివ్వకు!"

ముసలాయన లేచాడు.

"కోపం వద్దు బాబూ. ఒక్కసారి పేరుతో పిలవండి. వింటాడు."

ఆ తర్వాత మూడో రోజు పొద్దున బిడ్డ పోయాడు.

ఖబరస్తాన్‌లో ఒక పక్కన అన్నీ చిన్న సమాధులే. ప్రతిదాని మీదా ఒక చెక్క పలక, దాని మీద పేరు. అబ్దుర్రహీం, అబ్దుల్ గఫూర్, అబ్దుల్ వదూద్.

ఖబరస్తాన్ కాపరి కొత్త పలకా, కుంచె పట్టుకొచ్చాడు.

"బాబు పేరండీ?"

దర్జీ చేతుల్లోని తెల్లగుడ్డ మీదికి వంగాడు.

"అబ్దుల్ హయ్యి," అని పిలిచాడు. ఇంకోసారి పిలిచాడు. ఇక ఆగలేక వెక్కివెక్కి ఏడ్చాడు.

కాస్త తేరుకున్నాక పలకలు చూపించి అడిగాడు.

"ఈ పిల్లలందరికీ పేర్లు ఎవరు పెట్టారు?"

"అమ్మానాన్నలేనండీ. దగ్గరుండి పెట్టించింది మాత్రం ఒక్కాయనే. కన్నవాళ్ల నోట పేరు వినకుండా ఏ బిడ్డా ఇక్కడికి రాకూడదంటాడు. అందుకే రోజూ ఆసుపత్రికి పోయేవాడు. మూడు రోజులుగా ఆయన్ని రానివ్వడం లేదట. అన్నం కూడా సరిగ్గా తినడం లేదు."

దర్జీ తలెత్తాడు.

"ఆయన... ఎక్కడుంటారు?"

కాపరి నాలుగడుగుల అవతలికి చెయ్యి చూపించాడు.

"మీ బాబుకు గొయ్యి తవ్వుతున్నది ఆయనేనండీ."