రన్‌వే మీద మిరపకాయలు

"ఈ మిరపకాయలు నీవేనా?"

"నాయే అయ్యా," అంది ఎస్తేరు.

విచారణ అధికారి నరసింహారావు మొహం చిట్లించాడు. రన్‌వే చివర ఎర్రగా పరిచిన కాయల్ని బూటుకాలితో చిమ్మాడు. ఎస్తేరు పళ్లు బిగబట్టింది. కౌలు చేలో ఏడాదంతా నడుం విరగ్గొట్టుకుని పండించిన పంట అది.

డ్యామ్ ఇంజనీర్లు వచ్చిపోయేందుకు అరవై ఒకటిలో మాచర్ల పక్కన వేసిన రన్‌వే. సోమవారం పొద్దున ఇరవై మందితో పైకి లేవబోయిన విమానం, రన్‌వే వదిలి పక్క చేలో దిగబడింది. ఇద్దరికి కాళ్లు విరిగాయి. ఇవాళ శనివారం. విచారణకి టెంటు వేశారు.

పైలట్ అందరికంటే ముందే జీపులో వచ్చి కూర్చున్నాడు. మహానుభావుడి ఒంటి మీద చిన్న గీత కూడా లేదు.

"వేగం అందుకున్నాక ఎదురుగా మిరపకాయలు కనిపించాయి సార్. తప్పిద్దామని పక్కకి తిప్పాను. నేను కాబట్టి అందరూ బతికారు," అన్నాడు.

నరసింహారావు తలాడించి, కాపలాదారు మౌలాలీ మీద పడ్డాడు.

"ఈవిడ ఆరబోస్తుంటే చూశావా?"

"చూశానండీ. కానీ..."

"అడిగిందానికే చెప్పు. అడ్డుకున్నావా?"

"లేదండీ."

"రేపట్నించి నీకు ఉద్యోగం లేదు. ఫో."

ఎస్తేరు ఏదో అనబోయింది.

"నిన్నడగలేదు," అని కసిరాడు. ఆ తర్వాత అడిగాడు. "గవర్నమెంటు జాగాలో ఎవరి పర్మిషన్‌తో పోశావే?"

"పర్మిషనేంది? మీరు రోలరు తిప్పకముందు ఇది మా కల్లం. మా అత్త కాలం నించీ ఈడే ఆరబోసుకుంటన్నాం."

"పంట జప్తు. నువ్వు జైలుకి."

ఎస్తేరుకి ఒళ్లు మండిపోయింది. "జైలుకైతే వస్తా. కాయల మీద చెయ్యేస్తే మాత్రం ఊరుకోను," అంది.

పైలట్ నవ్వుకుంటూ సిగరెట్ వెలిగించాడు. గుమాస్తా వాంగ్మూలం రాసి వేలిముద్ర కోసం సిరా పెట్టె తీశాడు. తీసి ఆగాడు.

"సార్, కాయలు పోసిన తేదీ ఖాళీగా ఉంది."

నరసింహారావు విసుగ్గా ఆమె వైపు తిరిగాడు. "ఎప్పుడు పోశావే?"

"విచారణ అయ్యేదాకా ఇక్కడ విమానాలు తిరగవని మంగళారం మీరే దండోరా ఏయించారుగా అయ్యా, ఆ మర్నాడు పోశాను."