పన్నెండో ముక్క

కృత్రిమ ఎముక ముక్కలు ఎంత బరువుకు నలుగుతాయో చూడటం నా ఉద్యోగం. స్పాంజిలా ఒంటినిండా చిల్లులుంటాయి వాటికి. ఆ చిల్లుల్లోకే అసలు ఎముక పెరగాలి. మొన్న అక్క కాలిలో పెట్టింది కూడా ఈ బ్యాచ్‌దే. సాయంత్రం నుంచి పదకొండు పొడి చేశాను.

పన్నెండోదాన్ని మెషీన్‌లో పెట్టేసరికి రాత్రి పదైంది. బటన్ నొక్కగానే ఆసుపత్రి నుంచి అక్క ఫోన్.

“ఒరేయ్, కాలు నలిపేస్తున్నట్టుందిరా!”

ఎందుకో వెంటనే మెషీన్ ఆపేశాను.

“హమ్మయ్య, తగ్గింది. సాయంత్రం నుంచి ఈ వార్డులో ఇదే గోల. నాతోపాటు ఆపరేషన్ అయిన పదకొండు మందీ ఒకరి తర్వాత ఒకరు గావుకేకలు పెట్టారు.”

“వాళ్లకీ తగ్గిందా?”

అక్క తల తిప్పి వార్డంతా చూస్తున్నట్టుంది. ఫోన్‌లో గోడ గడియారం చప్పుడు మాత్రం వినిపించింది.

“తగ్గినట్టే ఉందిరా. ఎవ్వరూ కదలట్లేదు.”