తెరిచి చూపించండి

మెదడు ఆపరేషన్ కోసం ఎదురుచూసే వాళ్ల జ్ఞాపకాలకు ఏటా కాపీ తీసి ఒక పెట్టెలో ఉంచుతారు. ఆపరేషన్‌లో ఏవైనా చెరిగిపోతే అందులోంచి తిరిగి నింపుతారు.

"నీ కాపీ భద్రంగా ఉందమ్మాయ్. పచ్చలైటు వెలిగింది చూడు. ఇక పడుకో," అంది నర్సు చంద్రకళ.

"లైటు వెలిగితే సరా సిస్టర్? పెట్టె తెరవండి. ఆ కాపీనే ఒక మాట అడగాలి," అన్నాను.

"ఇంతమంది డాక్టర్లకు లేని అనుమానం నీకా!" అని విసుక్కుంటూనే తెరిచింది.

చంకలో నా పాపను గట్టిగా పట్టుకుని అడిగాను: "మా మిన్నుకి ఏం పెడితే దద్దుర్లొస్తాయి?"

పెట్టెలోంచి నా గొంతే పలికింది. "మిన్ను ఎవరండీ? నాకింకా పెళ్లే కాలేదు."

కొత్తది తీయకుండా, నా పెళ్లికి ముందెప్పుడో తీసిన పాత కాపీనే ఏటా మళ్లీ మళ్లీ దాచారన్నమాట. చంద్రకళ ముఖం పాలిపోయింది.

"లోపల డాక్టరుగారు కాచుకున్నారమ్మా..." అని నసిగింది.

మంచం దిగాను.

"కాచుకోనివ్వండి. నా బిడ్డనెరగని మనిషిని నాలో పెడితే ఊరుకోను. కొత్తది తీయండి. దాన్నీ తెరిచి అడుగుతాను."